పశువు తిన్న నూనె దాని కొవ్వులో ఎందుకు కనిపించదు?

పశుమాంసం గురించి ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది. పశువు ఏ కొవ్వు తింటే దాని ఒంట్లో అదే కొవ్వు పేరుకుంటుంది. కాబట్టి మొక్కజొన్న, సోయా దాణా మీద పెరిగిన పశువు మాంసం తింటే విత్తనాల నూనె తాగినట్టే. అదే పచ్చిగడ్డో అవిసె గింజలో తిన్నదైతే ఒమేగా 3లో చేపకు సాటి వస్తుంది, సంతృప్త కొవ్వు పెద్దగా ఉండదు. కొవ్వు పసుపుగా ఉంటే మంచి మాంసమని గుర్తు. దాణాలో బైపాస్ ఫ్యాట్ కలిపితే ఆ నూనె చెక్కుచెదరకుండా కండలోకి చేరుతుంది.

వీటిలో పూర్తిగా గాలిలోంచి పుట్టిన మాట ఒక్కటీ లేదు. ప్రతిదాని వెనకా ఒక చిన్న నిజం ఉంది, అందుకే ఇన్నాళ్లు బతికింది. చిక్కెక్కడంటే పంది, కోడి విషయంలో నిజమైనదాన్ని తెచ్చి నెమరువేసే పశువుకు అంటగట్టారు.

మొదటి మాట: తిన్న కొవ్వే ఒంట్లో కొవ్వు

పందికి ఒకే పొట్ట. అది తిన్న నూనె చిన్న పేగులో జీర్ణమై, దాదాపు ఉన్న రూపంలోనే రక్తంలోకి వెళ్లి కొవ్వు కణాల్లో నిలుస్తుంది. వేరుశనగ, సోయా మేపిన పందుల కొవ్వు మెత్తబడి జిడ్డుగా కారుతోందని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 1920ల్లోనే నమోదు చేశారు. పంది కొవ్వులో లినోలిక్ ఆమ్లం (విత్తనాల నూనెల్లో ఎక్కువగా ఉండే ఒమేగా 6 రకం) మేతను బట్టి 8 శాతం దగ్గర ఉండొచ్చు, 25 శాతం దాటనూవచ్చు. కోడిదీ ఇదే దారి.

పశువు కథ వేరు. అది మింగినదంతా ముందు పెద్దపొట్టలో, అంటే రూమెన్‌లో పడుతుంది. అది పేగు కంటే ముందు వచ్చే ఒక పులియబెట్టే తొట్టి. గాలి చొరబడని ఆ చోట కోట్లకు కోట్ల బ్యాక్టీరియా, ప్రోటోజోవా ఉంటాయి. నూనె అక్కడికి చేరగానే రెండు పనులు జరుగుతాయి.

మొదటిది విడగొట్టడం. నూనె అణువులో ఒక గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. సూక్ష్మజీవుల ఎంజైములు వాటిని విడదీస్తాయి. గ్లిసరాల్ పులిసి ప్రొపియోనేట్ అవుతుంది, కొవ్వు ఆమ్లాలు ఒంటరిగా మిగులుతాయి. రెండోది హైడ్రోజన్ ఎక్కించడం. బహుళ అసంతృప్త ఆమ్లాలు, అంటే ఒకటి కంటే ఎక్కువ ద్విబంధాలు ఉన్నవి, బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి, వాటికి అవి ఒకరకమైన విషం. అందుకని బ్యూటిరివిబ్రియో జాతి బ్యాక్టీరియా ఆ ఆమ్లాల్లోని ద్విబంధాలను ఒక్కొక్కటిగా పూడ్చేస్తుంది. లినోలిక్ ఆమ్లంలో రెండు ద్విబంధాలు. అది ముందు ఆ రెండూ దగ్గరకు జరిగిన కాంజుగేటెడ్ లినోలిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ తర్వాత ఒకే ద్విబంధం ఉన్న వాక్సెనిక్ ఆమ్లంగా, చివరికి ద్విబంధమే లేని స్టియరిక్ ఆమ్లంగా. గొర్రె పెద్దపొట్టలోని పదార్థంలో ఈ మార్పు జరుగుతుందని రేమండ్ రైజర్ 1951లోనే చూపించాడు. కొత్త విషయమేమీ కాదు.

ఎంత మారుతుంది? మేతలోని లినోలిక్ ఆమ్లంలో సాధారణంగా 70 నుంచి 95 శాతం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలో 85 నుంచి దాదాపు 100 శాతం పెద్దపొట్ట దాటకముందే రూపం మార్చుకుంటాయి. పొద్దుతిరుగుడు నూనె పోసినా సోయా నూనె పోసినా పేగులోకి దిగేది ఎక్కువగా స్టియరిక్ ఆమ్లమే. మనం పోసింది ద్రవ నూనె, పేగుకు అందింది 69 డిగ్రీల దగ్గర కరిగే గట్టి మైనం లాంటి పదార్థం.

ఇంకో సంగతి, సందేశంలో అసలే లేనిది. పశువు కొవ్వులో పెద్ద వాటా మేతలోని కొవ్వు నుంచి రాదు, అది ఒంట్లోనే తయారవుతుంది. మామూలు మేతలో కొవ్వు పొడి పదార్థంలో 2 నుంచి 4 శాతం మాత్రమే. పీచు పులిసినప్పుడు వచ్చే అసిటేట్‌ను కొవ్వు కణాలు పట్టుకుని పామిటిక్ ఆమ్లం కడతాయి, దాన్ని పొడిగించి స్టియరిక్ చేస్తాయి, అక్కడ ఒక ద్విబంధం పెట్టి ఓలియిక్ చేస్తాయి. చర్మం కింది కొవ్వుకు ముడిసరుకు ముఖ్యంగా అసిటేట్. కండ లోపల సన్నని చారలుగా కనిపించే కొవ్వులో గ్లూకోజ్ వాటా కాస్త ఎక్కువ. గడ్డి పీచు నుంచి పుట్టిన కొవ్వును పట్టుకుని ‘ఏ నూనె తింది’ అని అడిగితే జవాబేముంటుంది?

ఈ నియమానికి మినహాయింపు పాలు తాగే దూడ. తాగిన పాలు అన్నవాహిక చివర ముడుచుకునే గాడి గుండా పెద్దపొట్టను దాటేసి నేరుగా పొట్టలోని నాలుగో గదిలోకి, అంటే ఆమ్లం ఊరే అసలు జీర్ణాశయంలోకి వెళతాయి. ఆ వయసులో దూడ పొట్ట పంది పొట్టలాంటిదే. పాలపొడిలో ఏ నూనె కలిపితే దాని ఛాయ కొవ్వులో కనిపిస్తుంది. గట్టి మేత అలవాటై పెద్దపొట్ట పనిలోకి దిగాక, అంటే సుమారు రెండు మూడు నెలల వయసు నుంచి, ఆ దారి మూసుకుపోతుంది.

రెండో మాట: దాణా తిన్న పశువు కొవ్వంటే విత్తనాల నూనే

దీన్ని లెక్కతో చూద్దాం. బలుపు దశలో ఉన్న ఒక పశువు రోజుకు 10 కిలోల పొడి పదార్థం తింటోందనుకోండి, అందులో 8 కిలోలు మొక్కజొన్న. మొక్కజొన్నలో నూనె 4 శాతం చొప్పున 320 గ్రాములు. దానిలో సగానికి కొంచెం పైగా లినోలిక్ ఆమ్లం, అంటే 175 గ్రాములు. పెద్దపొట్టలో 85 శాతం రూపం మారితే పేగుకు చేరేది 26 గ్రాములు. అందులో కొంత పేడలో పోతుంది, కొంత శక్తి కోసం ఖర్చవుతుంది, మరికొంత కణాల పైపొరల్లోకి వెళుతుంది. ఆ పశువు అదే రోజున ఒంట్లో వేసుకునే కొవ్వు 400 గ్రాములకు అటూ ఇటూ. ఆ 26 గ్రాములూ చుక్క పోకుండా కొవ్వులోకే వెళ్లాయని మొండిగా వాదించినా వాటా 7 శాతం దాటదు. నిజంగా కొలిస్తే పశువు కొవ్వులో లినోలిక్ ఆమ్లం 2 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. సోయా నూనెలో అది 50 శాతం పైన. రెండింటినీ ఒక గాటన కట్టేవాళ్లు ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు.

ఇక్కడే అందరూ బోల్తాపడే చోటొకటి ఉంది. చాలాకాలం దాణా మీద బలిసిన పశువు కొవ్వు నిజంగానే మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే దిగబడుతుంది. చూసినవాళ్లు ‘నూనె దిగింది, అందుకే మెత్తబడింది’ అంటారు. మెత్తబడిన మాట నిజం, చెప్పిన కారణం తప్పు. ఆ మెత్తదనం ఓలియిక్ ఆమ్లానిది, అదీ పశువు సొంతంగా తయారుచేసుకున్నది. కొవ్వు కణంలో స్టియరాయిల్ కో-ఏ డీశాచురేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. స్టియరిక్ ఆమ్లం నడుమ ఒక ద్విబంధం పెట్టి ఓలియిక్ చేయడం దాని పని. ఓలియిక్ కరిగే ఉష్ణోగ్రత 13 నుంచి 16 డిగ్రీలు. ఒకే ఒక్క ద్విబంధంతో 69 డిగ్రీల పదార్థం మామూలు వేడికే ద్రవమైపోతుంది. పశువు బలిసేకొద్దీ, దాణా మీద ఉండేకొద్దీ ఈ ఎంజైమ్ చురుకు పెరుగుతుంది. జపాన్ వాగ్యూ జాతి కొవ్వు నోట్లో పెట్టగానే కరగడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి గింజల దాణా, దానికి తోడు ఆ జాతికి ఉన్న వారసత్వ లక్షణం. ఆ కొవ్వులో ఓలియిక్ ఆమ్లం తరచుగా 50 శాతానికి దగ్గరగా లేదా పైన ఉంటుంది, లినోలిక్ మాత్రం అదే రెండు మూడు శాతం. సూక్ష్మజీవులు ద్విబంధాలు తీసేస్తే, పశువు కణం తనకు కావలసిన చోట ఒకటి తిరిగి పెట్టుకుంటోందన్నమాట.

మేత మారకుండానే కొవ్వు మారుతుందని చూడాలంటే ఒకే పశువు నుంచి రెండు ముక్కలు తీసుకోండి: మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు ఒకటి, రొమ్ము ముందుభాగపు కొవ్వు ఒకటి. విడివిడిగా సన్నని సెగ మీద కరిగించి, వడకట్టి, రెండు గాజు గిన్నెల్లో పోసి గది వేడిలో ఆరనివ్వండి. మూత్రపిండాల కొవ్వు తెల్లగా గడ్డకట్టి, చెంచాతో కొడితే పెళుసుగా చిట్లుతుంది. రొమ్ము కొవ్వు వెన్నలా చెంచాకు అంటుకుంటుంది. అదే మేత, అదే రక్తం, కానీ స్టియరిక్ ఆమ్లంలో దాదాపు రెట్టింపు తేడా. ఒంటి లోపల వేడిగా ఉండే చోట కొవ్వు గట్టిగా ఉన్నా ఇబ్బంది లేదు. చర్మం దగ్గర, చల్లగా ఉండే చోట మెత్తగా ఉండాలి. రెండు పశువుల మేత పోల్చి ఇంత తేడా వచ్చిందని ఎవరైనా చెబితే, ముక్కలు ఒకే చోటి నుంచి తీశారా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

మూడో మాట: గడ్డి తిన్నా అవిసె తిన్నా చేపతో సమానం

ఇందులో సగం నిజం. పచ్చిగడ్డి కొవ్వు ఆమ్లాల్లో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. గడ్డిలో మొత్తం కొవ్వు ఆమ్లాలు పొడి పదార్థంలో రెండు మూడు శాతం. పది కిలోలు తింటే సుమారు 250 గ్రాములు, అందులో 130 నుంచి 140 గ్రాములు ఒమేగా 3 రకం. 92 శాతం పెద్దపొట్టలోనే మారిపోతే మిగిలేది పదకొండు గ్రాములు. ఆ పదకొండు గ్రాములే కండ కణాల పైపొరల్లో చేరి తేడా చూపిస్తాయి. గడ్డి మీద పెరిగిన పశువు మాంసంలో ఒమేగా 6, ఒమేగా 3 నిష్పత్తి 2కు 1 దగ్గర ఉంటుంది, గింజల దాణా మీద అది 7కు 1, ఒక్కోసారి అంతకు మించి. ఈ తేడా నిజం, కొలవగలిగేది. కోసిన గడ్డిని ఎండబెడితే మాత్రం ఆకులు రాలి, ఆమ్లాలు ఆక్సీకరణం చెంది, ఒమేగా 3 చాలా తగ్గిపోతుంది. ‘గడ్డి మీద పెంచాం’ అన్న మాటలో పచ్చిదా ఎండుదా అన్నది పెద్ద ప్రశ్నే.

కానీ నిష్పత్తి వేరు, పరిమాణం వేరు. నిష్పత్తి రెండు అతి చిన్న అంకెల మధ్య కూడా అందంగా కుదురుతుంది. వంద గ్రాముల ఎర్రమాంసంలో ఈపీఏ, డీహెచ్ఏ (చేపలో ఉండే పొడవాటి గొలుసు ఒమేగా 3 ఆమ్లాలు) రెండూ కలిపి పదుల మిల్లీగ్రాముల్లో ఉంటాయి. కొవ్వు ఎక్కువున్న సముద్రపు చేపలో అవి 1,000 మిల్లీగ్రాములు దాటుతాయి. యూరోపియన్ యూనియన్‌లో ‘ఒమేగా 3 ఉన్నది’ అని ప్యాకెట్ మీద రాసుకోవడానికే వంద గ్రాములకు, వంద కిలోకేలరీలకు కూడా, ఆల్ఫా లినోలెనిక్ కనీసం 300 మిల్లీగ్రాములో, లేదంటే ఈపీఏ, డీహెచ్ఏ కలిపి కనీసం 40 మిల్లీగ్రాములో ఉండాలి. గడ్డి మీద పెరిగిన పశువు మాంసానికి ఆ గీత అందుకోవడమే గగనం. చేపతో పోలికెక్కడిది?

అవిసె గింజల సంగతి. గింజలో నూనె సుమారు 40 శాతం, ఆ నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్. మేపితే కండలో ఆల్ఫా లినోలెనిక్ రెట్టింపు దాకా పెరగొచ్చు, ఈపీఏ కొంచెం పెరుగుతుంది, డీహెచ్ఏ దాదాపు కదలదు. పశువు శరీరం ఆ గొలుసును చివరి దాకా పొడిగించడంలో మహా పిసినారి. డీహెచ్ఏ కావాలంటే మేతలో చేపనూనో సముద్రపు నాచో ఉండాలి, వాటిలోనూ ఎక్కువ భాగం పెద్దపొట్టలోనే పోతుంది. పైగా చేపనూనె హైడ్రోజన్ ఎక్కించే చివరి మెట్టును అడ్డుకుంటుంది. దాంతో స్టియరిక్‌గా మారాల్సిన వాక్సెనిక్ ఆమ్లం మధ్యలోనే పోగుపడుతుంది.

శాతం చేసే మాయ

నిజానికి ఇది సందేశంలో ఉన్న మాట కాదు, దాన్ని మోసుకొచ్చే పట్టికల్లో దాగిన తప్పు. అయినా ఎక్కువ మందిని దారి తప్పించేది ఇదే, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

కండలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కణాల పైపొరల్లోని ఫాస్ఫోలిపిడ్. ఇది పశువు బక్కదైనా బలిసినదైనా పెద్దగా మారదు, అందులో బహుళ అసంతృప్త ఆమ్లాల వాటా ఎక్కువ. రెండోది నిల్వ కొవ్వు. ఇది పశువును బట్టి ఎంతైనా పెరుగుతుంది, బహుళ అసంతృప్తం మాత్రం చాలా తక్కువ.

ఒకే మేత తిన్న రెండు పశువుల నుంచి వంద గ్రాముల కండ తీశామనుకోండి. రెండింటిలోనూ పైపొరల కొవ్వు ఆమ్లాలు అర గ్రాము, అందులో 35 శాతం బహుళ అసంతృప్తం, అంటే 175 మిల్లీగ్రాములు. బక్క పశువు కండలో నిల్వ కొవ్వు 1 గ్రాము, అందులో 3 శాతం చొప్పున ఇంకో 30. మొత్తం ఒకటిన్నర గ్రాముల కొవ్వులో 205 మిల్లీగ్రాములు, దాదాపు 14 శాతం. బలిసిన పశువు కండలో నిల్వ కొవ్వు ఐదున్నర గ్రాములు, 3 శాతం చొప్పున 165. మొత్తం 6 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములు, 6 శాతం లోపు.

శాతంలో చూస్తే బక్కదానిది రెట్టింపుకు పైగా. మనిషి నోట్లోకి వెళ్లే గ్రాముల్లో చూస్తే బలిసినదానిదే ఎక్కువ. మేత రెండింటికీ ఒకటే! గడ్డి మీద పెరిగిన పశువులు మామూలుగా బక్కగా ఉంటాయి, దాణా మీదివి బలిసి ఉంటాయి. కాబట్టి ‘మేత వల్ల వచ్చిన తేడా’ అని చూపించేదాంట్లో కొంత కేవలం బలుపు తేడాయే. రెండింటినీ ఒకే కొవ్వు స్థాయిలో పోల్చకపోతే మేత వాటా ఎంతో విడదీయలేం.

గడ్డి మేస్తే సంతృప్త కొవ్వు మాయం

ఇది నేరుగా తప్పు. గడ్డి మీద పెరిగినా దాణా మీద పెరిగినా పశువు కొవ్వులో సంతృప్త ఆమ్లాలు దాదాపు 40 నుంచి 50 శాతం మధ్యే ఉంటాయి. శాతంగా చూస్తే చాలాసార్లు గడ్డి పశువుదే ఒక మెట్టు ఎక్కువ, ముఖ్యంగా స్టియరిక్‌లో. కారణం పైన చెప్పుకున్నదే: గడ్డిలోని ఒమేగా 3 చాలావరకు పెద్దపొట్టలో స్టియరిక్‌గా మారుతుంది, బక్క పశువులో దాన్ని ఓలియిక్ చేసే ఎంజైమ్ అంత చురుగ్గా ఉండదు. గడ్డి పశువు కొవ్వు చేత్తో పట్టుకుంటే గట్టిగా తగలడం అందుకే. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. రక్తంలో ఎల్డీఎల్ కొలెస్ట్రాల్‌ను పెంచడంలో పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లాలకున్న బలం స్టియరిక్‌కు లేదు. గడ్డి పశువు ముక్క తిన్నప్పుడు సంతృప్త కొవ్వు గ్రాముల్లో తగ్గితే అది ఆ ముక్కలో మొత్తం కొవ్వే తక్కువ ఉండటం వల్ల. దాణా పశువు ముక్కలోంచి అంచు కొవ్వు కోసేసినా అదే పని జరుగుతుంది.

మాంసంలోని కొలెస్ట్రాల్ కూడా మేతతో తగ్గుతుందని కొందరు కలిపి చెబుతున్నారు. తగ్గదు. అది కణాల పైపొరల భాగం, వంద గ్రాములకు 60, 70 మిల్లీగ్రాముల దగ్గర స్థిరంగా ఉంటుంది.

పసుపు రంగు

పసుపు బీటా కెరోటిన్‌ది. పచ్చిగడ్డిలో అది పుష్కలం, తెల్ల గింజల్లో లేదు. రంగును చూసి పశువు ఈమధ్య పచ్చిమేత తిన్నదని ఊహించవచ్చు, అంతవరకే. జెర్సీ, గెర్న్సీ జాతులు అదే మేత మీద మిగతావాటి కంటే పసుపు కొవ్వు వేస్తాయి. ముసలి పాడి ఆవులో ఏళ్ల కెరోటిన్ పేరుకుని ముదురు పసుపు వస్తుంది. గేదె కెరోటిన్‌ను దాదాపుగా విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది కాబట్టి ఎంత పచ్చిగడ్డి తిన్నా దాని కొవ్వు తెల్లనే. కొవ్వు ఆమ్లాలకు అసలు రంగే ఉండదు.

బైపాస్ ఫ్యాట్ మీద నమ్మకం

పేరే తప్పుదోవ పట్టిస్తోంది. బైపాస్ అంటే నూనె కవచం తొడుక్కుని పెద్దపొట్టను దాటేస్తుందని అనుకుంటారు. మామూలుగా అమ్మేది కొవ్వు ఆమ్లాల కాల్షియం లవణం, ఒకరకమైన సబ్బు. అది పెద్దపొట్ట ద్రవంలో కరగదు కాబట్టి పీచును జీర్ణం చేసే బ్యాక్టీరియాకు హాని చేయదు. అది తయారైందే అందుకోసం: పెద్దపొట్టను నూనె నుంచి కాపాడటానికి, నూనెను పెద్దపొట్ట నుంచి కాపాడటానికి కాదు. పైగా ఈ సబ్బు నిలిచేది పీహెచ్ 6.5 దగ్గర ఉన్నప్పుడు. 6కు, ఇంకా కిందికి దిగేకొద్దీ విడిపోతుంది, అసంతృప్త ఆమ్లాల లవణాలైతే ఇంకా ముందే. బలుపు దాణా తినే పశువు పెద్దపొట్ట రోజులో చాలాసేపు ఆ కింది గీతలోనే ఉంటుంది. ఇంకోటి, ఈ లవణాల్లో ఎక్కువ పామాయిల్ నుంచి చేసినవే, అంటే ప్రధానంగా పామిటిక్, ఓలియిక్. చెక్కుచెదరకుండా దాటినా పేగుకు అందేది ఆ రెండే.

నిజంగా దాటించే పద్ధతి ఒకటుంది. 1970 ప్రాంతంలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు నూనె బిందువుల చుట్టూ పాల ప్రోటీన్ పొర వేసి, దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరిచారు. పెద్దపొట్టలో ఆ పొర నిలబడుతుంది, నాలుగో గదిలోని ఆమ్లానికి విడిపోతుంది. అది మేపితే కొవ్వులో లినోలిక్ రెండు మూడు శాతం నుంచి ఎన్నో రెట్లు పెరిగింది. ‘తిన్నదే వస్తుంది’ అన్న మాట పశువులో నిజమవ్వాలంటే ఇంత తతంగం కావాలి. అదయ్యాక ఏం జరిగింది? కొవ్వు జిడ్డుగా, మెత్తగా మారింది, వండితే వాసన తేడా కొట్టింది, నిల్వలో త్వరగా కనరెక్కింది. బహుళ అసంతృప్తం ఎక్కువున్న మాంసానికి ఇది తప్పని శాపం: ఆక్సిజన్ తగిలితే ముందు పాడయ్యేవి ఆ ద్విబంధాలే, వాటితోపాటు ఎరుపు రంగు గోధుమలోకి తిరుగుతుంది. గడ్డి పశువులో విటమిన్ ఇ సహజంగా ఎక్కువ ఉండి దీన్ని కొంత ఆపుతుంది. దాణా పశువులో ఆ పని జరగాలంటే చివరి వంద రోజులు రోజుకు 500 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) దాకా విటమిన్ ఇ విడిగా కలపాలి.

ఎక్కువ పోస్తే ఎక్కువ ఫలితమా?

సందేశం నమ్మి దాణాలో నూనె కుమ్మరించేవాళ్లకే అసలు నష్టం. మేత మొత్తంలో కొవ్వు పొడి పదార్థంలో 6 శాతం దాటకూడదు. పది కిలోలు తినే పశువుకు అది 600 గ్రాములు. మేతలో ముందే ఉన్నది 300 అనుకుంటే, పైన చేర్చడానికి చోటు 300 గ్రాములే. పత్తి గింజల రూపంలో అయితే, 19 శాతం నూనె చొప్పున, ఒకటిన్నర కిలో. అవిసె గింజలైతే ముప్పావు కిలో. గానుగ చెక్కలో ఆరు నుంచి ఎనిమిది శాతం నూనె మిగిలి ఉంటుంది, సాల్వెంట్ తీసిన చెక్కలో ఒక శాతం దగ్గర. లెక్క వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఈ చెక్కనే.

గీత దాటితే నూనె గడ్డి పీచుకు పూతలా అంటుకుంటుంది, పీచును తినే బ్యాక్టీరియా చస్తుంది, అసిటేట్ తగ్గుతుంది. పశువు మేత వదిలేస్తుంది, పేడ పలచబడి అందులో జీర్ణం కాని గడ్డి పుల్లలు కనిపిస్తాయి. ఒంట్లో కొవ్వు తయారీకి అసిటేటే ముడిసరుకు కదా, కొవ్వు పెంచాలని పోసిన నూనె కొవ్వుకే గండి కొడుతుంది. అదనపు కొవ్వు ఆమ్లాలు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని సబ్బులుగా కట్టేసి పేడలో పారేస్తాయి, అందుకని కాల్షియం కూడా పెంచాలి.

పెట్టదలుచుకుంటే విడి నూనె కంటే గింజ మేలు, నూనె నెమ్మదిగా విడుదలవుతుంది. అయితే అవిసె గింజ చిన్నది, నున్నటిది. అలాగే వేస్తే చాలావరకు నమలకుండానే పేడలో బయటికొస్తుంది. మెత్తని పిండి చేస్తే నూనె ఒక్కసారిగా బయటపడి విడి నూనె పోసినట్టే అవుతుంది. పగిలీ పగలనట్టు కచ్చాపచ్చాగా దంచడం సరైన మధ్యస్థం, అదీ ఏ రోజుకారోజు. దంచిన గింజ నాలుగు రోజులుంటే కనరెక్కుతుంది. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి, పీచుమేత తగ్గనివ్వకూడదు.

పీచు తగ్గితే ఇంకో చిక్కు. పీహెచ్ పడిపోయి బ్యాక్టీరియా దారి మారుస్తుంది. వాక్సెనిక్ ఆమ్లం (ద్విబంధం పదకొండో స్థానంలో ఉండే ట్రాన్స్ ఆమ్లం) బదులు ద్విబంధం పదో స్థానంలో ఉండే వేరే ట్రాన్స్ ఆమ్లం తయారవుతుంది. తేడా ఎందుకు ముఖ్యమంటే, వాక్సెనిక్‌ను పశువు కణం అదే డీశాచురేజ్‌తో కాంజుగేటెడ్ లినోలిక్ ఆమ్లంగా మార్చుకోగలదు. మాంసంలో కనిపించే ఆ ఆమ్లంలో ఎక్కువ భాగం పెద్దపొట్టలో మిగిలింది కాదు, ఇలా ఒంట్లో పుట్టిందే. పదో స్థానపు ట్రాన్స్‌కు ఆ దారి లేదు. గడ్డి మీది మాంసంలో కాంజుగేటెడ్ లినోలిక్ రెండు మూడు రెట్లు ఎక్కువ ఉందనే మాట నిజమే, కాకపోతే కొవ్వులో అర శాతం నుంచి ఒకటి, ఒకటిన్నర శాతానికి పెరగడం అది.

చివరగా, ఎవరైనా ప్రయోగశాల నివేదిక చూపించి వాదిస్తే చూడాల్సినవి. ముక్క ఒంట్లో ఏ భాగానిది, అందులో మొత్తం కొవ్వు ఎంత, అంకెలు కొవ్వులో శాతమా లేక వంద గ్రాముల మాంసంలో మిల్లీగ్రాములా, పశువు ఆ మేత మీద ఎన్నాళ్లుంది. నిల్వ కొవ్వు మెల్లగా మారుతుంది, మూడు వారాల మేతకు మారిందని చూపిస్తే అనుమానించాలి. ట్రాన్స్, కాంజుగేటెడ్ లినోలిక్ అంకెలుంటే గ్యాస్ క్రొమటోగ్రఫీలో (కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే పద్ధతి) వాడిన కాలమ్, అంటే వాటిని విడదీసే సన్నని గొట్టం, పొడవు అడగండి. వంద మీటర్లది కాకపోతే పదో స్థానపు ట్రాన్స్, పదకొండో స్థానపు వాక్సెనిక్ ఒకే శిఖరంలో కలిసిపోయి కనిపించే అవకాశం ఎక్కువ. నమూనాను ఆమ్లంతో వేడిచేసి తయారుచేసి ఉంటే కాంజుగేటెడ్ లినోలిక్ రూపాలు ఆ గాజు గొట్టంలోనే తారుమారై ఉంటాయి, ఆ వరుసలోని అంకెను పక్కన పెట్టి మిగతావి చదవండి.